ముందస్తు సాక్ష్యం

మా ఆయన ఉద్యోగం పోయిన వారంలోనే, ఆదివారం నాడు, చర్చిలో ఆయనకు ముగ్గురు కంగ్రాట్స్ చెప్పారు.

ఒకాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంకొకాయన వీపు మీద చరిచి "స్తోత్రం బ్రదర్, స్తోత్రం!" అన్నాడు. మూడో ఆవిడ నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కళ్లు సగం మూసుకుని, "దేవుడు మీకోసం పెద్దది పెట్టిండు సిస్టర్. గందుకే ఈ చిన్నది తీసేసిండు" అంది. అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీద ఎంతసేపు ఉందో నాకు తెలుసు, దవడలు నొప్పి పుట్టాయి కాబట్టి. ఇంటికి రాగానే సబ్బు పెట్టి మొహం కడుక్కున్నాను.

ఇరవై ఒక్క ఏళ్లు చేసిన పనిని ఆవిడ చిన్నది అనేసింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోతగానే ఉంటుంది.

మా ఆయన నాచారం పారిశ్రామిక వాడలో ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్. ఏ రకం అట్ట ఎన్ని కట్టలు ఉందో, జిగురు డబ్బాలు ఎన్ని మిగిలాయో, ఏ లారీ ఎప్పుడు వస్తుందో ఆయనకు రిజిస్టర్ తెరవకుండానే తెలుసు. యజమాని ఆ స్థలాన్ని అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లకు ఇచ్చేశాడు. మెషిన్లను ఎక్కడో ఊరి బయటకు తరలించాడు. యాభై దాటినవాళ్లు అక్కడికి అక్కర్లేదన్నాడు. మా ఆయనకు యాభై రెండు. చివరి రోజు ఒక శాలువా కప్పి, ఫోటో తీసి పంపించారు. ఆయన ఆ శాలువా తెచ్చి మంచం మీద పెట్టి, "రేపు ఎన్నింటికి లేవాల్నే నేను?" అని అడిగాడు. వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు.

మాకు పిల్లలు లేరు. నేను నాచారంలోనే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. మా ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయన మర్యాదంతా ఆ స్టోర్ తాళంచెవుల గుత్తిలోనే ఉండేది. ఆ గుత్తి అప్పజెప్పేశాక ఆయన ఇంట్లో ఎక్కడ నిలబడాలో తెలియక, వంటింటి గుమ్మానికీ బాల్కనీకీ మధ్య తిరుగుతుండేవాడు. ఆయనకు పని కావాలి. అంతే. మిగతా కథంతా దాని చుట్టూ మేం చేసిన పాడు పనులే.

మా చర్చి ఉప్పల్‌లో ఒక టైల్స్ దుకాణం మీద, రెండో అంతస్తులో. మెట్ల మీద చెప్పులు విప్పి ఎక్కాలి. లోపల ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, అన్నీ ప్లాస్టిక్ కుర్చీలు. ఎండాకాలంలో లేచేటప్పుడు చీర కుర్చీకి అంటుకుని చిరచిరమంటుంది. పాస్టరుగారిది కోస్తా. మెత్తగా మాట్లాడతాడు, అందరినీ పేరు పెట్టి పలకరిస్తాడు, ఎవరికి జ్వరమొచ్చినా బండి వేసుకుని వచ్చి ప్రార్థన చేసి వెళ్తాడు. చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకుంటే మంచిది, ముందు ముందు ఆయన మీద నాకు చాలా కోపం వస్తుంది.

ఉద్యోగం పోయిన నెలలోనే, ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనతో పాటు ప్రత్యేక కూడిక పెట్టారు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద గూడు చీల్చుకుని వస్తున్న సీతాకోకచిలుక, పక్కనే బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడి నిలువెత్తు ఫోటో. 'మార్పు కాలంలో విజయ మనసు' అని బంగారు రంగు అక్షరాలు. ఆ ప్రసంగీకుడు చెవికి మైకు తగిలించుకుని, తెల్ల బూట్లతో అటూ ఇటూ నడుస్తూ రెండు గంటలు మాట్లాడాడు. పక్కవాళ్ల వైపు తిరిగి 'నీ మంచి రోజు వచ్చేసింది' అని చెప్పమన్నాడు. నా పక్కావిడ నా మొహంలో మొహం పెట్టి చెప్పింది. ఆమె నోట్లో ఉపవాసపు కంపు, నా నోట్లోనూ అదే ఉండి ఉంటుంది. ఇద్దరం ఒకరి కంపు ఒకరం పీల్చుకుంటూ మంచి రోజులు ప్రకటించుకున్నాం.

"'పోయింది' అనే మాట ఈ రోజు నుంచి మన నోట రాకూడదు" అన్నాడాయన. "ఉద్యోగం పోయిందనకండి. ట్రాన్సిషన్‌లో ఉన్నాను అనండి. భయం అనకండి. ఎదురుచూపు అనండి."

మా ముందు వరసలో భర్త చనిపోయి రెండు నెలలైన ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె ఏమనాలో ఆయన చెప్పలేదు.

అసలు విషయం చివర్లో వచ్చింది. అదే ముందస్తు సాక్ష్యం. మామూలుగా మా చర్చిల్లో దేవుడు మేలు చేశాక లేచి సాక్ష్యం చెప్తాం. జబ్బు నయమైతే చెప్తాం, పిల్లకు సీటొస్తే చెప్తాం. ఈయన దాన్ని తిప్పేశాడు. మేలు రాకముందే వచ్చిందని సంఘం ముందు నిలబడి చెప్పాలట. చెప్పి, స్వీట్లు పంచి, కృతజ్ఞతలు చెల్లించాలట. అప్పుడు ఆ మాట పట్టుకుని మేలు నడిచొస్తుందట. చెప్పలేనివాడికి విశ్వాసం లేనట్టేనట. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అదీ నా రోత. దూరంగా నిలబడి చూసి ముక్కు మూసుకున్నదాన్నైతే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. నేను ఆ చప్పట్లలో ఉన్నాను.

ఇంటికొచ్చాక మా ఆయనతో, ఈ ఆదివారం మీరు చెప్పాలన్నాను.

"ఏం చెప్పాలె?"

"పని దొరికిందని."

"దొరకలే కదనే."

"అట్లనే చెప్పాలంట. గదే విశ్వాసం."

ఆయన తల దించుకునే అడిగాడు. "ఊయల యాదికున్నదా నీకు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఊయల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. పెళ్లయిన ఎనిమిదో ఏట, అప్పుడు మేం వెళ్లే ఇంకో చర్చిలో, ఒక ప్రార్థనాపరురాలు నాతో విశ్వాసంతో ఊయల కొనిపించింది. దాన్ని ముందు గదిలో కట్టుకోమంది. మూడేళ్లు అది మా ఇంట్లో వేలాడింది. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి, నన్ను చూసి, కాఫీ తాగి వెళ్లేవాళ్లు. చివరికి మా ఆయనే ఒకరోజు నేను స్కూలుకు వెళ్లినప్పుడు విప్పి ఎవరికో ఇచ్చేశాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అంత తెలిసినదాన్ని, అంత తిన్నదాన్ని, మళ్లీ అదే కూడు తెచ్చి ఆయన పళ్లెంలో పెట్టాను. ఎందుకు? ఇప్పుడు దాచేదేముంది. చర్చి మెట్లు ఎక్కుతుంటే జనం నా వైపు జాలిగా చూడటం నాకు పడలేదు. స్టాఫ్ రూంలో "సార్‌కు ఏమైనా దొరికిందా మేడం?" అని అడగడం పడలేదు. ఒక్క ఆదివారమైనా నా మొగుడు నిలబడి మాట్లాడుతుంటే అందరూ చప్పట్లు కొట్టాలని నాకు ఆశ. విశ్వాసం అన్నది దానికి నేను పెట్టుకున్న పేరు. లోపల ఉన్నది మట్టుకు సిగ్గు, దాని మీద పౌడరు.

నేనే కాగితం మీద రాసిచ్చాను. తెలుగు టీచర్ని కదా, చక్కగా నాలుగు వాక్యాలు. ఆయన ఆ కాగితాన్ని శనివారమంతా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

ఆదివారం ఆయన లేచి చదివాడు. దేవుడు నాకు మంచి ఉద్యోగం ఇచ్చాడు, పాతదానికంటే మంచిది ఇచ్చాడు, మీ ప్రార్థనలకు వందనాలు. ఒకే గొంతు, ఎత్తూ పల్లం లేదు. హాలంతా హల్లెలూయ అంది. కీబోర్డు మోగింది. నేను రెండు కిలోల లడ్డూ తీసుకెళ్లాను, ఆ డబ్బాలు మెట్ల మీదే ఖాళీ అయిపోయాయి.

ఇక్కడే మేం తప్పు చేశాం. ఇలాంటి తప్పు మావాళ్లే చేయగలరు. శుక్రవారం కూడికకు వచ్చినవాళ్లు సగం మందే. మిగతా సగం మందికి ముందస్తు సాక్ష్యం సంగతే తెలియదు. వాళ్లు విన్నది విన్నట్టే నమ్మారు. ఏ మనిషైనా అంతే నమ్ముతాడు. మెట్ల మీద ఒకాయన లడ్డూ నములుతూ, "అన్నా, డ్యూటీ ఎక్కడ?" అని అడిగాడు.

మా ఆయన నా వైపు చూశాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. "ఇంకా రాలే, నమ్మకంతో చెప్పినం" అంటే సరిపోయేది. నేను నోరు తెరిచి, "మౌలాలి దిక్కు" అన్నాను. మౌలాలి ఎందుకొచ్చిందో నాకు తెలియదు. నాలుక మీదికి వచ్చింది, అనేశాను. అప్పటిదాకా విశ్వాసమో మరొకటో అని సర్దుకున్నదంతా ఆ రెండు మాటలతో ఉత్త అబద్ధం అయిపోయింది.

మా గల్లీలోనే ఉండే చర్చి ఆవిడ ఒకామె సోమవారం పదింటికి కరివేపాకు కోసం వచ్చింది. నేను స్కూలుకు వెళ్లే హడావుడిలో లేను, ఆ రోజు సెలవు. మా ఆయన లుంగీ కట్టుకుని పేపరు చదువుతున్నాడు.

"అన్న డ్యూటీకి పోలేదా?"

"రేపటి సంది" అన్నాను. ఎంత సులువుగా వచ్చాయో ఆ మాటలు.

మంగళవారం నుంచి ఆయన పొద్దున్నే ఎనిమిదింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంట్లోంచి బయటపడటం మొదలుపెట్టాడు. నేను డబ్బా కట్టి ఇచ్చేదాన్ని. గల్లీ చివర దాకా ఆయన నడక నాకు కనిపించేది. ఇస్త్రీ చొక్కా, టక్. ఆ ఇస్త్రీ చేసింది కూడా నేనే. ఇంతకంటే చెత్తపని నేను జన్మలో చేయలేదు, ఇంత శ్రద్ధగా కూడా ఏదీ చేయలేదు.

మొదట్లో ఆయన నిజంగానే పని వెతికాడు. చెర్లపల్లి, మల్లాపూర్, కంపెనీల గేట్ల ముందు నిలబడ్డాడు. వాచ్‌మన్లు వయసు అడిగి గేటు వేసేవాళ్లు. రెండు వారాల తరవాత వెతకడం తగ్గింది. ఎక్కడికి వెళ్తున్నారని నేను గట్టిగా అడిగితే చెప్పాడు. "మౌలాలిల దర్గా మెట్ల మీద కూసుంటున్న."

నేను అన్న చోటికే వెళ్లి కూర్చుంటున్నాడు. నా అబద్ధాన్ని సగమైనా నిజం చేద్దామనుకున్నాడేమో.

"ఆడ ఎవ్వరు ఏం అడగరు" అన్నాడు. "ఎక్కేటోళ్లు ఎక్కుతరు, దిగేటోళ్లు దిగుతరు. మధ్యాహ్నం డబ్బా తింట. నాలుగింటికి లేస్త. ఆడికొచ్చినోళ్లు కొందరు ఏడుస్తరే. మస్తు ఏడుస్తరు. నవ్వుమని ఎవ్వరు చెప్పరు."

ఇది జరుగుతుండగా కూడా ప్రతి ఆదివారం చర్చిలో "డ్యూటీ ఎట్లున్నదన్నా?" అనీ, "మంచిగున్నదన్నా" అనీ నడుస్తూనే ఉంది. రోజూ పొద్దున ఫోన్ నిండా గులాబీలూ పావురాలూ సూర్యోదయాలూ, వాటి మీద సంతోషంగా ఉండమని అక్షరాలు. నేను వాటికి చేతులు జోడించిన బొమ్మ పెట్టేదాన్ని. ఒకరోజు బొమ్మ పెట్టి, ఫోన్ పక్కన పడేసి, బాత్రూంలోకి వెళ్లి వాంతి చేసుకున్నాను. పాచి కూర అని మా ఆయనతో అన్నాను.

ఐదో ఆదివారం అనుకుంటాను, ఆరాధన అయ్యాక పీర్జాదిగూడ నుంచి వచ్చే తమ్ముడొకడు మెట్ల మీద మా ఆయన్ని ఆపాడు. అతను అక్కడ ఒక మందుల గోడౌన్‌లో సూపర్‌వైజర్. మంచివాడు, మా ఆయనంటే గౌరవం.

"అన్నా, నీకో ముచ్చట చెప్పాలె" అన్నాడు నవ్వుతూ. "మా గోడౌన్ల స్టోర్ కీపర్ కావాల్నన్నడు మేనేజర్. పెద్దమనిషి అయినా ఫరవాలేదు, నమ్మకంగా ఉండాలె అన్నడు. నాకు ఫస్టు నువ్వే యాదికొచ్చినవ్. ఫోన్ గూడ తీసిన. మళ్ల అనుకున్న, అన్నకు ఆల్రెడీ దేవుడు ఇచ్చిండు కదా, ఎందుకు డిస్టర్బ్ చేసుడు అని. మా ఊరాయనకు చెప్పిన. మొన్న గురువారం చేరిండు. దేవుడు ఎంత గొప్పోడు చూడు, నీకు ముందే ఇచ్చిండు, ఆయనకు ఇప్పుడిచ్చిండు!"

మా ఆయన నవ్వాడు. "మంచిగైంది తమ్మీ" అన్నాడు. "పాపం, ఆయనకు అవసరం ఉండె కావచ్చు."

ఆ నవ్వు నేను చూశాను. నేను నేర్పిన నవ్వే అది. పెదవులు ఎంత దూరం సాగాలో అంత సాగి, అక్కడే ఆగింది. కళ్లు మట్టుకు ఎటో చూస్తున్నాయి. ఒక మనిషిని ఇంతగా పాడుచేయొచ్చా అనిపించింది. ఆ మెట్లు దిగుతుంటే నా మీద నాకే ఏవగింపు వేసింది.

ఇంటికొచ్చాక ఆయన తిడతాడని ఎదురుచూశాను. కనీసం ఊయల పేరెత్తుతాడనుకున్నాను. ఆయన చొక్కా విప్పి హ్యాంగరుకు తగిలించి, "రేపు డబ్బాల పప్పు పెట్టకు, పులుస్తున్నది" అన్నాడు. అంతే.

బుధవారం నేను స్కూలు నుంచి నేరుగా పాస్టరుగారి దగ్గరకు వెళ్లాను. చర్చి వెనకాలే ఒక గదిలో ఆయన ఆఫీసు. జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్తూ చెప్తూ గొంతు పెంచాను కూడా. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అమ్మా, నిరాశ మాట నోట రానివ్వకండి" అన్నాడు. "ఆ గోడౌన్ ఉద్యోగం మీది కాదేమో. ఇంకా మంచిది వస్తుందండి. మీ మనసులో ఎక్కడో సందేహం ఉండి ఉంటుంది. ఇంకోసారి చెప్పించండి బ్రదర్ చేత, ఈసారి మనస్ఫూర్తిగా."

"ఇంకోసారి?" అన్నాను. "మనిషి రోజు ఇస్త్రీ బట్టలేస్కొని మెట్ల మీద కూసుంటున్నడు అయ్యగారూ. ఇంకోసారి చెప్పిస్తే యాడ కూసోవాలె?"

అప్పుడు చూశాను, గది గోడల పక్కన అట్టపెట్టెలు. పాటల పుస్తకాలు, ప్రభురాత్రి భోజనపు గిన్నెలు, మైకు వైర్లు సర్దేసి ఉన్నాయి. ఏంటివి అని అడిగాను. ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఖాళీ చేయమన్నారమ్మా, బిల్డింగ్ ఓనరు. వచ్చే నెలలో. ఎక్కడికి వెళ్లాలో ఇంకా తెలియట్లేదు. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు." ఒక పెట్టె మూత మూస్తూ, "సంఘంతో అనకండి. నిరుత్సాహపడతారు" అన్నాడు.

రెండు వారాల క్రితమే ఈయన వేదిక మీద నిలబడి, దేవుడు మనకు సొంత మందిరం ఇచ్చేశాడని చెప్పాడు. మేం చప్పట్లు కొట్టాం. ఆయన మీద నాకు జాలి వేయాలి. కొంచెం వేసింది కూడా. కానీ దానికంటే ఎక్కువ అసహ్యం వేసింది, అందరి మీదా, అన్నింటి మీదా. కాపరి భయం మందకు తెలియకూడదు. మంద భయం కాపరికి తెలియకూడదు. ప్రతివాడూ తన భయాన్ని ఇంట్లో కుర్చీ కింద దాచి, మొహం కడుక్కుని వచ్చి, పక్కవాడికి మంచి రోజులు ప్రకటిస్తున్నాడు. మరి మేం వారం వారం ఎవరి ముందు మోకరిస్తున్నాం? లోపల ఉన్నది తెలియని దేవుడి ముందా?

నాకు విశ్వాసం అంటే అసహ్యం లేదు. ఈ మాట రాసి పెట్టాలి. ఊయల విప్పేసిన రోజు కూడా నేను ప్రార్థన చేసుకునే పడుకున్నాను. మారే కాలంలో మనసు నిలబడాలంటే దేవుడు కావాలని నాకు తెలుసు. అందరికంటే ఎక్కువ తెలుసు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పుకోలేని చోట ఆయన్ని పిలిచి లాభమేంటి? బావున్నాను అనేవాడి ఇంటికి వైద్యుడు ఎందుకొస్తాడు?

ఆ ఆదివారం సాక్ష్యాల సమయానికి నేను లేచాను. మా ఆయనకు ముందు చెప్పలేదు. ఆయన మగవాళ్ల వైపు నాలుగో వరసలో ఉన్నాడు. నేను లేవగానే కీబోర్డు వాయించేవాడు అలవాటు ప్రకారం మెత్తగా మొదలుపెట్టాడు.

"నేను కాగితం రాయలే ఈసారి" అన్నాను. "మా ఆయనకు పని దొరకలేదు. మొదట్నుంచీ దొరకలేదు. విశ్వాసంతో చెప్పమన్నరని చెప్పించినం. మౌలాలి అని చెప్పింది మట్టుకు నేనే. అది అబద్ధం. ఐదు వారాల నుంచి ఆయన డబ్బా పట్టుకొని పోతున్నడు, ఆడ దర్గా మెట్ల మీద కూసుంటున్నడు. ఆయన తప్పు లేదు. ఆయన వద్దనే అన్నడు."

కీబోర్డు ఆగిపోయింది. ఎవరూ హల్లెలూయ అనలేదు. పీర్జాదిగూడ తమ్ముడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ముందు వరసలో ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. పాస్టరుగారు మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కూడా మాట్లాడతాడేమో, ఆ పెట్టెల సంగతి చెప్తాడేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆయన నోరు తెరిచి, మూసుకున్నాడు.

అప్పుడు మా ఆయన లేచాడు. బయటకు వెళ్లిపోతాడనుకున్నాను.

"నాకు పని కావాలె" అన్నాడు. చదువుతున్నట్టు లేదు. తన గొంతుతోనే అన్నాడు. "స్టోర్ పని మంచిగ వస్తది. లెక్క తప్పనియ్య. యాభై రెండేండ్లు. చేతులు, కాళ్లు మంచిగనే ఉన్నయ్. నాకు భయమైతున్నది. ఎవరికన్నా తెలిస్తే చెప్పున్రి. దేవునికి గూడ గదే చెప్తున్న."

కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన పైకి ప్రార్థన చేయడం నేను విన్నది అదే మొదటిసారి. పాస్టరుగారు చివరికి పాట ఎత్తుకున్నాడు. గొంతు కలిపినవాళ్లు తక్కువ.

ఆయనకు ఇప్పటికీ పని దొరకలేదు. మెట్ల మీద ఇద్దరు ముగ్గురు ఫోన్ నంబర్లు తీసుకున్నారు, ఒకావిడ నన్ను తప్పించుకుని పక్కనుంచి దిగిపోయింది. సంఘం పరువు తీశానని గల్లీలో అన్నారని తెలిసింది. అననీ.

జనం పల్చబడ్డాక, మా పాటలు నడిపించే అబ్బాయి మా దగ్గరకు వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి, సాఫ్ట్‌వేర్, ఇద్దరు పిల్లలు. అందరికంటే గట్టిగా పాడేది అతనే. మెట్ల కిందికి తొంగి చూసి, భార్య దూరంగా ఉందని చూసుకుని, మా ఆయన పక్కకు జరిగాడు.

"అన్నా, దర్గా మెట్ల మీద పొద్దంత కూసోనిస్తరా?"

"కూసోనిస్తరు. ఎందుకు తమ్మీ?"

"నేను లాలాపేట బ్రిడ్జి కింద బండి మీద కూసుంటున్న" అన్నాడు. "మూడు నెలలైంది. ల్యాప్‌టాప్ బ్యాగ్ ఏస్కొని పోత. ఇంట్ల తెల్వదు."

మా ఆయన అతని చెయ్యి పట్టుకున్నాడు. "మెట్లొద్దు, బ్రిడ్జొద్దు. రేపు ఎనిమిదింటికి మా ఇంటికి రా. ఇద్దరం కలిసే తిరుగుదాం. ముందుగాల ఇప్పుడు కిందికి పోయి మరదలుకు చెప్పు."

అతను కదల్లేదు. ఆ మెట్ల మీదే, విప్పిన చెప్పుల మధ్య కూలబడి ఏడ్చాడు. ఏడవకు అని అనబోయి నోరు మూసుకున్నాను. కిందికి దిగి ఆ అమ్మాయిని పిలుచుకొచ్చి, అతని పక్కన కూర్చోబెట్టాను.